నాలుగో టెర్మినల్లో సెర్వాండోని అడగండి

మడ్రిడ్ విమానాశ్రయం నాలుగో టెర్మినల్లో, విమానాలెక్కే అంతస్తులో, రెండో తలుపుకూ మూడో తలుపుకూ మధ్య సెర్వాండో కెబ్రాదా లాటరీ బడ్డీ ఉంది. ఆరడుగుల మనిషి. అరవై దగ్గర పడుతున్నాయి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు. పదకొండో ఏట రెండు కళ్ళూ పోయాయి. బడ్డీకి ఇరవై అడుగుల దూరంలోనే సమాచారం చెప్పే బల్ల ఉంది, దాని వెనక చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చుని ఉంటారు, వాళ్ళ తలల మీద మంచమంత తెర వెలుగుతూ ఉంటుంది. అయినా జనం వచ్చి దారి అడిగేది సెర్వాండోనే. మా మడ్రిడ్ వాళ్ళ అలవాటే అంత. వీధి మూల లాటరీ బడ్డీలో కూర్చున్నవాడికి లోకంలో తెలియనిది ఉండదని వాళ్ళ నమ్మకం. విమానాశ్రయంలోకి వచ్చినంత మాత్రాన ఆ నమ్మకం మారదు.

పరాయి ఊరివాళ్ళు మాత్రం మొదట తికమకపడతారు. గబగబా వచ్చి "జె గేట్లు ఎటండీ?" అని అడిగేస్తారు, ఆ తర్వాత నల్లద్దాలు చూస్తారు, పక్కన ఆనించిన తెల్లకర్ర చూస్తారు, నాలుక కరుచుకుంటారు.

"అయ్యో, క్షమించండి."

"దేనికీ? దారేగా అడిగారు, బొమ్మ గియ్యమన్లేదుగా!" అంటాడు సెర్వాండో. "ముందు చెప్పండి. ఎక్కడికి? ఎన్నింటికి? సంచిలో మీ అమ్మగారు ఏం పెట్టారు?"

ఈ మూడో ప్రశ్న వేళాకోళం కాదు. మా దేశంలో ఏ తల్లీ బిడ్డని ఒట్టి చేతులతో విమానం ఎక్కనివ్వదు. ఎండబెట్టిన పంది తొడ ముక్కలు గాలి తీసిన సంచిలో ఉంటే భయం లేదు. బంగాళాదుంప అట్టు రేకు కాగితంలో చుట్టి ఉంటే అసలే భయం లేదు. చల్లటి టమాటా చారు సీసాలో పోసి పంపితే మాత్రం సెక్యూరిటీ దగ్గర అది చెత్తబుట్ట పాలే. ఆ చారు సంగతి ముందే తేల్చేసి, బడ్డీ దగ్గరే నిలబెట్టి తాగించి పంపుతాడు సెర్వాండో. ఏడాదికి ఎన్ని సీసాల చారు ఆ బడ్డీ ముందు ఖాళీ అవుతుందో లెక్కే లేదు. ఒక్కోసారి ఆయనకీ ఒక గుక్క దక్కుతుంది.

దారి చెప్పడంలో ఆయనది ఆయన పద్ధతే. "స్తంభాలు పసుపు నుంచి ఆకుపచ్చలోకి తిరిగేచోట ఆగండి. కాఫీ వాసన ఎడమ ముక్కుకి తగులుతుంది. అక్కణ్ణుంచి కాలి కింద నేల కొంచెం వాలుతుంది, ఆ వాలు వెంటే పొండి." విన్నవాళ్ళు నోరు తెరుస్తారు. చూపులేని మనిషి రంగులు చెబుతున్నాడేమిటని! చెప్పడా మరి? ఇక్కడ పనిలో చేరిన కొత్తలో నెలరోజుల పాటు గంట ముందే వచ్చి, భార్య పురి చెయ్యి పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాడు. ఆవిడ ఒక్కో స్తంభం రంగూ చదివి చెప్పాలి. "నారింజ. ఇదీ నారింజే. సెర్వాండో, నా మోకాళ్ళు అరిగిపోతున్నాయయ్యా, ఇది కూడా నారింజే!" పదకొండేళ్ళ వయసు దాకా చూసిన రంగులే ఆయన దగ్గర ఉన్నవి. పసుపంటే ఆయనకి సొంతూరు జమోరాలో వాళ్ళమ్మ కొట్టిన గుడ్డు సొన. ఆ కాస్త సరుకుతోనే పంతొమ్మిదేళ్ళుగా లక్షలమందిని నడిపించాడు.

ఒకప్పుడు పని ఇంకా తేలిక. మైకులో అన్నీ చెప్పేవారు. ఫలానా ఊరి విమానం ఫలానా గేటుకి మారింది అని ఒక ఆడగొంతు పలికేది, సెర్వాండో అది విని బుర్రలో రాసుకునేవాడు. తర్వాత ఆ మైకులు ఆపేశారు. ప్రయాణికులకి ప్రశాంతంగా ఉండాలట, ఎవరి గేటు వాళ్ళు తెర మీద చూసుకుంటారట. యూరప్‌లో పెద్ద విమానాశ్రయాలు చాలావరకు ఇప్పుడు ఇలాగే మౌనవ్రతం పట్టాయి. అందరికీ అది ప్రశాంతత, సెర్వాండోకి రెండోసారి చూపు పోవడం. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "నీకు జీతం ఇచ్చేది లాటరీ అమ్మడానికి కదా, జనాన్ని తోలడానికా?" అని పురి అడిగితే అన్నం పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

ఎనిమిదో రోజున ఆయనే ఒక ఉపాయం పన్నాడు. బడ్డీ ముందు నుంచి పోయే ప్రతి పనివాడూ ఒక కబురు చెప్పి పోవాలి. ఊడ్చేవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు, కాఫీ పోసేవాళ్ళు, ఎవరైనా సరే. ఏ లిఫ్టు ఆగింది, ఏ వరస చిన్నగా ఉంది, ఏ విమానం గేటు మారింది. మొదట నవ్వారు. తర్వాత అలవాటయింది. ఇప్పుడు కబురు చెప్పకుండా ఆ బడ్డీ దాటితే వాళ్ళకే ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. అందరిలోకీ నమ్మకమైన కబురు డియోనీసియాది. నేల తుడిచే యంత్రం మీద రాణీలా కూర్చుని గంటకోసారి చుట్టి వస్తుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒక్క ఆడపడుచు విషయంలోనే అది ఇరుకైపోతుంది.

ఈ జూన్లో ఒక శుక్రవారం జరిగింది ఇది. శుక్రవారం లాటరీ పెద్దది. బడ్డీ ముందు పదిమంది వరసలో ఉన్నారు. పైగా బిల్బావో నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి టికెట్ కొని కదలకుండా పొగుడుతున్నాడు.

"మీరు చెప్పిన దారినే పోయానండీ పోయినసారి! మా ఆవిడకి ఇప్పటికీ చెబుతూ ఉంటాను. కళ్ళున్న వెధవలు పదిమంది చెప్పలేంది ఆయన చెప్పాడే అని!"

పొగడ్తకి లొంగనివాడు ఎవడు? సెర్వాండో మొహం విప్పారింది. అప్పుడే పక్కనుంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. అడగడానికి ముందు కాసేపటి నుంచి ఆమె ఏదో గొణుగుతోంది. భిన్నాలు, లవం, హారం, పిల్లలకి రొట్టె ముక్కలతో నేర్పడం ఎలా... అంతా గుక్క తిప్పుకోకుండా. మా దగ్గర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకి చదివేవాళ్ళు ఇలాగే ఉంటారు. పాఠాలన్నీ కంఠతా పట్టి, బస్సులోనూ స్నానాల గదిలోనూ వల్లె వేస్తూనే ఉంటారు.

"ఏమండీ, లాస్ పాల్మాస్ విమానం, పదకొండు యాభైది..."

"ఉపాధ్యాయ పరీక్షా?" అన్నాడు సెర్వాండో.

"అవునండీ. అక్కడ నాలుగున్నరకి పేర్లు పిలుస్తారు. నిన్న సాయంత్రం దాకా క్వెంకాలో బడి వదల్లేదు, ఈ విమానం తప్ప ఇంకోటి లేదు. ఒక్కటే పిలుపండీ."

ఒక్కటే పిలుపంటే ఏమిటో దేశంలో తెలియనివాళ్ళు లేరు. హాల్లో నిలబడి, పేరు చదివినప్పుడు "ఉన్నాను" అనాలి. అనకపోతే పేరు కొట్టేస్తారు. వర్షమన్నా, జ్వరమన్నా, విమానం తప్పిందన్నా వినే నాథుడు ఉండడు. మళ్ళీ రెండేళ్ళు.

పొద్దున ఎనిమిదింటికి వచ్చిన కబురు ప్రకారం ఆ విమానం ఎస్ గేట్ల నుంచి, అంటే భూమి లోపల రైలెక్కి పోయే అవతలి భవనం నుంచి బయలుదేరుతుంది. సెర్వాండో మామూలుగా అయితే "పది నిమిషాలు ఆగు, డియోనీ వస్తుంది, అడిగి చెబుతా" అనేవాడు. ఆ రోజు బిల్బావో మనిషి పక్కనే నిలబడి వింటున్నాడు.

"చూడమ్మాయ్, ఎడమ చివరి సెక్యూరిటీ వరసకి పో, అక్కడ జనం తక్కువ. దాటగానే కిందికి మూడు ఎస్కలేటర్లు. రైలెక్కు. తెరల వంక చూడకు, చూస్తే కంగారు పెరుగుతుంది. నేను చెప్పినట్టు నడువు, నీ పాఠం నువ్వు చదువుకో."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి," అని ఆమె వెళ్ళిపోయింది. పెట్టె చక్రం ఒకటి కీచుకీచుమంటూ దూరమైంది. "అద్భుతం!" అన్నాడు బిల్బావో మనిషి.

ఎనిమిది నిమిషాల తర్వాత డియోనీ యంత్రం వచ్చి ఆగింది.

"కబుర్లు రాసుకో. కె గేట్ల దగ్గర ఆడవాళ్ళ మరుగుదొడ్డి మూసేశారు. లాస్ పాల్మాస్ అవతలి భవనం నుంచి ఇవతలికి మార్చారు, ఇప్పుడు జె నలభై. ఇంకా... ఏమయ్యా, ఏంటలా అయిపోయావ్?"

సెర్వాండో చేతిలో టికెట్ల కట్ట జారి కింద పడింది. ఈ విమానాశ్రయం గురించి తెలిసినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆ రైలు ఎక్కాక వెనక్కి తిరగడం అంటూ ఉండదు. అవతలి భవనం నుంచి బయటికి వచ్చి, మళ్ళీ చుట్టూ తిరిగి, మళ్ళీ సెక్యూరిటీ దాటాలి. ముప్పావు గంటకి తక్కువ పట్టదు. అప్పటికి గేటు మూసేస్తారు. ఆయన దారి ఎంత బాగా చెప్పాడంటే, ఈపాటికి ఆ పిల్ల సెక్యూరిటీ దాటి మెట్లు దిగుతూ ఉంటుంది. చెత్తగా చెప్పి ఉంటే ఇంకా వరసలోనే దొరికేది.

"డియోనీ, ఒక పిల్ల గొంతు కోశాను," అన్నాడు. రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. బడ్డీ షట్టర్ ధడాలున దించాడు. శుక్రవారం పొద్దున, వరసలో పదిమంది ఉండగా! జనం గోల పెట్టారు. ఆయనకి వినిపించలేదు. "లోపలికి పోనివ్వరు నన్ను. రైలు దగ్గర మనవాళ్ళెవరున్నారివ్వాళ?"

డియోనీ యంత్రం మీటలు సర్దుకోవడం మొదలెట్టింది.

"చెప్పవే!"

"కసీల్దా," అంది.

కసీల్దా ఆమె ఆడపడుచు, కింద రైలు దగ్గర నేల తుడిచే యంత్రం ఆమెదే. ఇద్దరికీ నాలుగు నెలలుగా మాటల్లేవు. ఒక బారసాలలో డియోనీ చేసిన బంగాళాదుంప అట్టు తిని, "కుళ్ళిన దుంపలని దాచడానికే కదా వదినా, ఇన్ని ఉల్లిపాయలు వేస్తారు," అంది కసీల్దా. ఉల్లిపాయ వేసిన అట్టు గొప్పదా, వెయ్యనిది గొప్పదా అన్న దాని మీద మా దేశంలో విడిపోయిన కుటుంబాలు ఉన్నాయి. అది చిన్న విషయం అనుకునేవాళ్ళు మా వాళ్ళని ఎరగనట్టే.

"చెయ్యి ఫోను!" అన్నాడు సెర్వాండో.

మొదటిసారి కసీల్దా ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "ఎవరూ?" అంది, తెలియనట్టు.

"నేనేనే, డియోనీని. నీ కాళ్ళు పట్టుకుంటా..."

"ఉల్లిపాయ తప్పని ఒప్పుకున్నట్టేనా?"

డియోనీ కళ్ళు మూసుకుంది. "ఒప్పుకున్నా. తప్పే. మహాపాపం. ఇప్పుడు విను, రైలు దగ్గర ఒక పిల్లని ఆపాలి."

"ఏ పిల్ల? ఇక్కడ మూడొందలమంది ఉన్నారు. ఏం రంగు బట్టలు? జుట్టు పొట్టా, పొడుగా?"

డియోనీ సెర్వాండో వంక చూసింది. పాపం, ఏం చెబుతాడు? సెర్వాండో ఫోను లాక్కున్నాడు.

"కసీల్దా, రంగు నాకు తెలీదు. పొడుగు మనిషి, నిలబడ్డ నా గడ్డం ఎత్తున గొంతు వచ్చింది. పెట్టె చక్రం ఒకటి కీచుమంటుంది, తిరిగినప్పుడల్లా రెండుసార్లు, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. భిన్నాల పాఠం గొణుగుతూ ఉంటుంది. నువ్వు చూడకు. చూస్తే దొరకదు. విను."

"ఏం వినమంటావయ్యా, నా యంత్రం మోతలో నా మాటే నాకు వినపడదు!"

"ఆపెయ్ దాన్ని! ఫోను పైకెత్తి పట్టుకో. మాట్లాడకు. నేను వింటాను."

కసీల్దాకి ఎంత తిక్క ఉన్నా పని వచ్చిన మనిషి. యంత్రం ఆపేసింది. ఎస్కలేటర్ అడుగున, జనం దిగేచోట, చెయ్యి చాచి ఫోను పైకెత్తి నిలబడింది. చుట్టూ పోయేవాళ్ళు ఈమెకేమైందని చూశారట. ఇక్కడ పైన, సెర్వాండో ఫోను చెవికి అదిమిపెట్టి, రెండో చెవి అరచేత్తో మూసుకుని, బడ్డీకి నుదురు ఆనించి నిలబడ్డాడు. డియోనీ తన యంత్రాన్ని అడ్డంగా పెట్టి జనాన్ని ఆపేసింది. "ఎవరైనా నోరెత్తారో, నా సబ్బు నీళ్ళు మీ మీద!" అంది. ఎవరూ ఎత్తలేదు.

ఫోన్లో అడుగుల చప్పుడు. పిల్లాడి ఏడుపు. వంద చక్రాల దొర్లుడు. రైలు వచ్చి ఆగిన గాలి. తలుపులు తెరుచుకున్నాయి. సెర్వాండో చొక్కా వీపున తడిసిపోయింది. తలుపులు మూసుకున్నాయి. రైలు వెళ్ళిపోయింది. అందులో వెళ్ళిపోయి ఉంటే?

"దేవుడా, దేవుడా," అని డియోనీ గొణిగింది. సెర్వాండో చెయ్యెత్తి ఆమెని ఆపాడు.

మళ్ళీ అడుగులు. ఇంకో ఎస్కలేటర్ నిండా జనం. అంతలో, దూరంగా, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

"వస్తోంది," అన్నాడు. "కసీల్దా! వస్తోంది. ఇంకా దగ్గరికి. ఇంకా... నీ పక్కనే! ఇప్పుడు! పట్టుకో!"

ఫోను కింద పడ్డ చప్పుడు. "ఎవరండీ మీరు, వదలండి!" అన్న కేక. తర్వాత కసీల్దా గొంతు: "భిన్నాలమ్మాయివేనా నువ్వు?"

ఇక్కడ వరసలో ఉన్న పదిమందీ చప్పట్లు కొట్టారు. పక్కనున్న బిల్బావో మనిషి అందరికన్నా గట్టిగా కొట్టాడు. కసీల్దా రెండు మాటల్లో సంగతి చెప్పి, ఆ పిల్ల రెక్క పట్టుకుని పైకి లాక్కుపోతోంది. అసుసేనా ఆమె పేరు. ఫోను ఆమె చేతికిచ్చింది.

"హలో? లాటరీ ఆయనేనా? గేటు మారిందని కనుక్కుని నాకోసం మనిషిని పంపారట! మీలాంటి మనిషిని నేను..."

"ఆగమ్మాయ్," అన్నాడు సెర్వాండో. "నిన్ను తప్పుదారిన పంపింది నేనే. పొద్దుటి పాత కబురు నీకు చెప్పాను. పది నిమిషాలు ఆగమని ఉంటే సరైన గేటు తెలిసేది. ఎవడో పొగుడుతుంటే ఒళ్ళు మరిచాను. పైగా తెరలు చూడొద్దన్నాను. తప్పంతా నాది."

చప్పట్లు ఆగిపోయాయి. డియోనీ ఆయన మోచెయ్యి గిల్లింది, ఊరుకోమన్నట్టు.

అవతల్నుంచి వచ్చిందయ్యా వరద!

"ఆరేళ్ళండీ! ఆరేళ్ళుగా నాకు ఆదివారం అంటే ఏంటో తెలీదు! మా చెల్లెలి పెళ్ళిలో భోజనాలు కాకుండానే లేచొచ్చి చదువుకున్నాను! మీకేమండీ, కూర్చున్నచోట కూర్చుని నోటికొచ్చింది చెప్పేస్తారు!"

"తిట్టు. తిట్టాల్సిందే. కానీ నడుస్తూ తిట్టు. కసీల్దా చెయ్యి వదలకు."

"నడుస్తూనే తిడుతున్నా!"

"ఎంతదాకా వచ్చారు?"

"పైకొచ్చేశాం. కాఫీ కొట్టు దాటాం. మీరసలు మనిషేనా... అదిగో జె ముప్ఫై ఆరు. ముప్ఫై ఎనిమిది. జనం ఉన్నారు! ఇంకా వరసలోనే ఉన్నారు!" అంటూ ఏడ్చేసింది. ఆయాసం, ఏడుపు, చక్రం కీచు, అన్నీ కలిసి వినిపించాయి. కొంచెం తేరుకుని, "మీ పేరేంటి?" అంది.

"సెర్వాండో."

"సెర్వాండో గారూ, నాకు కోపం ఇంకా తగ్గలేదు."

"తగ్గించుకోకమ్మా. సాయంత్రం దాకా ఉంచుకో, పరీక్షలో పనికొస్తుంది."

అటు నుంచి నవ్వో ఎక్కిళ్ళో తెలియని చప్పుడొకటి వచ్చి, ఫోను ఆగిపోయింది. సాయంత్రం కసీల్దా ఫోనుకి ఒక సందేశం వచ్చింది. పిలిచారు, ఉన్నానన్నాను, లాటరీ ఆయనకి చెప్పండి, అని. అది సెర్వాండోకి మూడుసార్లు చదివి వినిపించారు. ఉద్యోగం సంగతి జూలైలో తేలుతుంది, అది ఆ పిల్ల చేతిలో పని. ఆ రోజు సాయంత్రం సెర్వాండో ఇంటికి పోయి, పురి ఏం వండిందో కూడా అడగకుండా తిని పడుకున్నాడు.

డియోనీ మాత్రం ఈ కథ ఎవరికి చెప్పినా ఫోను దగ్గరా ఆపదు, సందేశం దగ్గరా ఆపదు. ఆ పొద్దున షట్టర్ మళ్ళీ ఎత్తాక జరిగిన పది నిమిషాల గురించే చెబుతుంది.

ఆమె యంత్రం మీద ఎక్కి కూర్చుంటూ ఉండబట్టలేక అడిగేసింది. "ఎందుకయ్యా చెప్పావు? దీవిస్తోంది కదా ఆ పిల్ల. దీవించనివ్వకపోయావా? పదిమందిలో పరువు తీసుకున్నావు."

"ఆ పిల్ల రేపు ఇంకొకళ్ళకి చెబుతుందే. లాటరీ ఆయన్ని అడగండి, ఆయన మాట ఎప్పుడూ తప్పదు అని. వాళ్ళు ఇంకొకళ్ళకి. అందరూ కళ్ళు మూసుకుని నా వెంట నడుస్తారు. మూసుకున్న కళ్ళు నావి చాలవా?"

ఇంతలో ఒక ముసలాయన, చేతిలో టోపీ పట్టుకుని, బడ్డీ దగ్గరికి వచ్చాడు. మనవరాలిని చూడ్డానికి సెవిల్ పోతున్నాడట.

"అబ్బాయ్, సెవిల్ విమానం ఏ గేటు?"

సెర్వాండో నోరు తెరిచాడు. సెవిల్ విమానం గేటు పొద్దుటి నుంచి ఆయన బుర్రలో ఉంది, అంకెతో సహా. డియోనీకీ తెలుసు, ఆ కబురు తెచ్చింది ఆమే. ఎప్పుడు తెచ్చింది? రెండు గంటల కిందట.

"తెలీదండీ," అన్నాడు సెర్వాండో.

ఆ మాట ఆ నోట డియోనీ పంతొమ్మిదేళ్ళలో వినలేదు. ఇంకా అక్కడే ఉన్న బిల్బావో మనిషి మొహం వాడిపోయింది. సెర్వాండో బడ్డీ తలుపు తెరిచి, లోపల తాను కూర్చునే కుర్చీని తడిమి ఎత్తి, బయట ముసలాయన ముందు పెట్టాడు.

"మీరిక్కడ కూర్చోండి. గంటన్నర టైముంది మీకు, కంగారు లేదు. ఈవిడ పోయి ఇప్పుడే కనుక్కుని వస్తుంది," అని, డియోనీ వైపు తిరిగి నిలబడ్డాడు.

డియోనీ యంత్రం నడిపింది, ఎప్పుడూ పోనంత వేగంగా.